రిపోర్టులో ‘ఎక్స్‌వై’ అని వచ్చింది, మా అమ్మాయికి చెప్పాలా?

కోనసీమ నుంచి ఒక తల్లి రాశారు. ఉత్తరం చాలా పెద్దది. ఊరూ పేర్లూ తీసేసి విషయం మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

ఆవిడకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి 19 ఏళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం, సబ్జెక్టుల్లో జువాలజీ కూడా ఉంది. పొడుగ్గా, ఆరోగ్యంగా ఉంటుంది, ఎదుగుదలలో ఏ లోటూ లేదు, కానీ ఇంతవరకూ పెద్దమనిషి కాలేదు. కొంతమందికి లేటవుతుందిలే అని ఊరుకున్నారు. ఈలోగా చిన్నమ్మాయి పెద్దమనిషైంది. చెల్లెల్ని తాటాకు చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి పెడుతుంటే, వచ్చినవాళ్ళకి ఆ ఉండలు పళ్ళెంలో పెట్టుకుని తిప్పి పంచింది అక్కే. తీసుకున్న ప్రతి పేరంటాలూ “మరి నీదెప్పుడే?” అని అడిగిందట. ఆ రాత్రి పిల్ల పెరట్లో నూతి గట్టు మీద కూర్చుని ఏడ్చిందని రాశారు.

ఇన్నాళ్ళకి కాకినాడ తీసుకెళ్ళి ఒక హాస్పిటల్లో చూపించారు. స్కానింగులో గర్భసంచి లేదని తేలింది. గజ్జల దగ్గర లోపలగా రెండు గ్రంథులు కనిపించాయి. రక్తం తీసి క్రోమోజోముల టెస్టుకి పంపిస్తే 46, ఎక్స్‌వై అని వచ్చింది. “ఇవి మగ క్రోమోజోములు, లోపలున్నవి వృషణాలు, తీసేయించకపోతే క్యాన్సర్ వస్తుంది” అని డాక్టరు నాలుగు ముక్కల్లో చెప్పి పంపేశారట. ల్యాబ్ వాళ్ళు రిపోర్టు పీడీఎఫ్ అమ్మాయి నంబరుకే పంపితే వాళ్ళ నాన్న ఫోన్ తీసుకుని డిలీట్ చేశారు. పిల్లకు మాత్రం “గర్భసంచి చిన్నదిగా ఉంది, మందులు వాడితే సరిపోతుంది” అని చెప్పారు. ఆ రోజు నుంచి ఆమె అన్నం సరిగ్గా తినడం లేదు, ఎప్పుడు చూసినా ఫోన్లోనే ఉంటోంది.

ఇదేమీ తెలియని నాయనమ్మ, కువైట్‌లో పనిచేసే మేనత్త కొడుకు శ్రావణంలో సెలవు మీద వస్తున్నాడు కాబట్టి ముహూర్తం పెట్టేద్దామంటున్నారు, పెళ్ళయితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని ఆవిడ నమ్మకం. తండ్రి కూడా “చేసేస్తే ఇంకెవరికీ తెలీదు” అంటున్నారు. తల్లి ప్రశ్నలు ఇవి. నాకు పుట్టింది ఆడపిల్లా, మగపిల్లాడా? కడుపుతో ఉండగా మూడో నెలలో జ్వరం మాత్రలు వేసుకున్నాను, అందువల్ల ఇలా అయిందా? మాదీ మేనరికమే, అందువల్లా? ఆపరేషన్ వెంటనే చేయించాలా? పిల్లకు చెప్పాలా? పెళ్ళి చేయొచ్చా? చివర్లో ఇంకొకటి రాశారు. పాలకొల్లులో ఉన్న చెల్లెలి కూతురికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు, పసిపిల్లగా ఉన్నప్పుడు రెండు వైపులా హెర్నియా ఆపరేషన్ జరిగింది. “దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందేమోనని భయంగా ఉంది.”

అమ్మా, మీకు పుట్టింది ఆడపిల్లే. పందొమ్మిదేళ్ళుగా మీరు జడలు వేసిన పిల్ల, చెల్లెలి ఫంక్షన్లో పళ్ళెం పట్టుకుని తిరిగిన పిల్ల. ఒక కాగితం వచ్చిందని రాత్రికి రాత్రి వేరే మనిషి అయిపోలేదు. ఈ మాట ఓదార్పుకి చెప్పడం లేదు, ఆమె శరీరం పెరిగిన తీరే అలాంటిది. అదెలాగో మీరు అర్థం చేసుకుంటేనే రేపు ఆమెకి చెప్పగలరు, అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

మనందరం స్కూల్లో చదువుకున్నది ఎక్స్ఎక్స్ అయితే ఆడ, ఎక్స్‌వై అయితే మగ అని. అది దాదాపు అందరి విషయంలో నిజమే. మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయి (ఈ లెక్క ఖాయంగా తేలింది 1956లోనే). తల్లి అండంలో ఎప్పుడూ ఎక్సే ఉంటుంది, తండ్రి వీర్యకణంలో ఎక్సో వైయో ఏదో ఒకటి వస్తుంది. కానీ ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది స్కూల్లో ఎవరూ చెప్పలేదు. కడుపులో మొదటి ఆరు వారాల వరకూ ఆడపిండమైనా మగపిండమైనా ఒకేలా ఉంటుంది. గర్భసంచిగా మారగలిగే నాళాలూ, మగ అవయవాలుగా మారగలిగే నాళాలూ రెండు రకాలూ ప్రతి పిండంలోనూ ఉంటాయి. ఆ తర్వాత వై క్రోమోజోము మీదున్న ఎస్ఆర్‌వై అనే ఒక్క జన్యువు పని మొదలుపెడితే లోపలి గ్రంథులు వృషణాలవుతాయి, అది లేకపోతే అండాశయాలవుతాయి. ఆ జన్యువుని లండన్ శాస్త్రవేత్తలు 1990లో పట్టుకున్నారు, మరుసటి ఏడాది ఎక్స్ఎక్స్ ఉన్న చిట్టెలుక పిండంలో దాన్ని పెడితే అది మగ ఎలుకగా పెరిగింది.

వృషణాలు తయారయ్యాక అవి రెండు పనులు చేస్తాయి. ఒక హార్మోను వదిలి గర్భసంచి నాళాల్ని కరిగించేస్తాయి. టెస్టోస్టిరాన్ అనే ఇంకో హార్మోను వదిలి శరీరాన్ని మగ శరీరంగా మలుస్తాయి. అయితే టెస్టోస్టిరాన్ ఊరికే రక్తంలో తిరిగితే చాలదు, దాన్ని అందుకోవడానికి కణాల్లో రిసెప్టర్ ఉండాలి. ఆ రిసెప్టర్‌ని తయారుచేసే జన్యువు వై మీద లేదు, ఎక్స్ మీద ఉంది! అందులో మార్పు వచ్చి రిసెప్టర్ పనిచేయకపోతే ఎలా ఉంటుందంటే, ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదిలారు, కాలువ నిండుగా పారుతోంది, కానీ మీ చేలోకి తెరుచుకోవాల్సిన తూము బిగుసుకుపోయింది. కాలువలో ఎన్ని నీళ్ళున్నా ఆ చేను తడవదు. మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మాయి విషయంలో ఇదే జరిగి ఉండవచ్చు. మొదటి హార్మోను తన పని చేసింది కాబట్టి గర్భసంచి లేదు. టెస్టోస్టిరాన్ ఉన్నా శరీరం దాన్ని అందుకోలేదు కాబట్టి బయటి అవయవాలు పూర్తిగా ఆడపిల్లలవిగానే ఏర్పడ్డాయి. ఈడు వచ్చాక అదే టెస్టోస్టిరాన్ శరీరంలో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనుగా మారడంతో అందరాడపిల్లల్లాగే ఎదిగింది. అందుకే ఇన్నేళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు.

దీన్ని ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ సిండ్రోమ్ అంటారు. ఇది పూర్తి స్థాయిలో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ ఆడపిల్లలుగా పెరిగి ఆడవాళ్ళుగానే బతుకుతారు. ఆధార్‌లో గానీ కాలేజీ సర్టిఫికెట్లలో గానీ మార్చాల్సింది ఏమీ ఉండదు. “మగ క్రోమోజోములు” అని చెప్పి వదిలేసిన డాక్టరు అబద్ధం చెప్పలేదు గానీ, సగం చెప్పి గుమ్మం దాకా కూడా రాకుండా మిమ్మల్ని పంపేశారు. నాకు చాలా కోపం వచ్చింది.

కానీ ఇది ఇంకా నిర్ధారణ కాలేదని గుర్తుంచుకోండి. ఎక్స్‌వై అని వచ్చే స్థితులు వేరేవి కూడా ఉన్నాయి. ఒకదాంట్లో గర్భసంచి ఉంటుంది, ఎదుగుదల ఉండదు, మీ అమ్మాయిది దానికి పూర్తిగా తిరగేసి ఉంది కాబట్టి అది కాకపోవచ్చు. ఇంకొన్నిటిలో తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఒకే మార్పు రావాలి, వాటికి మేనరికంతో సంబంధం ఉంటుంది. రిసెప్టర్ సమస్యకి మాత్రం మేనరికంతో సంబంధం లేదు. హార్మోన్ల పరీక్షలూ, ఆ రిసెప్టర్ జన్యువు పరీక్షా చేయిస్తేనే ఏది ఏదో తేలుతుంది. దీనికి ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టరు) దగ్గరకి వెళ్ళాలి. జన్యు పరీక్షకి హైదరాబాద్ దాకా వెళ్ళగలిగితే నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఎవరి వల్ల అని అడిగారు కదా, వై తండ్రి నుంచి వచ్చింది, ఏ ఎక్స్‌వైకైనా అంతే. జన్యువులో మార్పు మీ ఎక్స్ నుంచి వచ్చి ఉండొచ్చు, లేదా ఈ పిల్లలోనే కొత్తగా పుట్టి ఉండొచ్చు. మూడో నెల జ్వరం మాత్రలకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ భారం ఈ రోజుతో దించేసుకోండి.

ఇక మీ ఉత్తరంలో నాకు ఎక్కువ కంగారు పుట్టించిన సంగతి ఆ పీడీఎఫ్. ఆమె నంబరుకి వచ్చింది, వాళ్ళ నాన్న తర్వాత డిలీట్ చేశారు. ఈ మధ్యలో ఆమె చూడలేదని మీకెవరు చెప్పారు? జువాలజీ చదివే పిల్లకి 46, ఎక్స్‌వై అంటే ఏమిటో ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ రోజు నుంచే అన్నం మానేసింది, ఆ రోజు నుంచే ఫోన్లో ఏదో వెతుకుతోంది. నా అనుమానం, ఆమెకు తెలిసిపోయింది. తెలిసి, మీరు దాస్తున్నారని కూడా తెలిసి, అంత సిగ్గుపడాల్సిన విషయమన్నమాట అనుకుంటూ ఒక్కర్తే మోస్తోంది.

మీ ముందు దారులు లేకపోలేదు. అసలు చెప్పకుండా ఉండొచ్చు, మీ ఆయన కోరిక అదే. కానీ ఆమె మేజర్. ఆపరేషన్ చేయాలంటే సంతకం ఆమే పెట్టాలి, దేనికి పెడుతున్నానని అడుగుతుంది. తర్వాత ఏళ్ళ తరబడి మాత్రలు వాడాల్సి రావచ్చు, ఎందుకో తెలియని మాత్ర ఎవరూ అన్నేళ్ళు వేసుకోరు. ఏదో ఒక రోజు ఏ డాక్టరో, ఏ భర్తో చెబితే తెలుసుకుంటుంది, ఆ రోజు మీ ఇద్దరి మీదా నమ్మకం పోతుంది. పరీక్షలయ్యాక చెప్పొచ్చు, నిజంగా ఆమె ఇంకా చూడలేదంటే అది సబబే, కానీ చూసేసి ఉంటే ఆ నెలలన్నీ ఆమె ఒంటరిగానే గడపాలి. ఇప్పుడే చెబితే ఏడుస్తుంది, మీ మీద అరుస్తుంది, కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు కూడా. కానీ ఆ ఏడుపు మీ ఒళ్ళో ఏడుస్తుంది. నేనైతే ఇప్పుడే చెప్పమంటాను. నిర్ణయం మీది.

చెప్పేటప్పుడు మీరే చెప్పండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, టీవీ కట్టేసి. అంతా ఒక్కరోజే చెప్పాలని లేదు. “నీ రిపోర్టు వచ్చింది, మేం భయపడి దాచాం, దాచకూడదు. నీకు గర్భసంచి లేదు, నెలసరి రాదు, పిల్లల్ని కనలేవు. క్రోమోజోముల్లో వై ఉంది, కానీ నీ శరీరం టెస్టోస్టిరాన్‌ని అందుకోదు, అందుకే నువ్వు ఆడపిల్లగానే పెరిగావు. నువ్వు మా పిల్లవి, అందులో ఏ మార్పూ లేదు” అని మొదటిరోజు అంత చెబితే చాలు. మిగతా ప్రశ్నలు ఆమే అడుగుతుంది. తెలియనివి రాసుకుని ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరకి వెళ్ళండి, లోపల ఆమెనే మాట్లాడనివ్వండి. ఆ వారం పది రోజులూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండండి. బతకడం దండగలాంటి మాటలు వస్తే మాత్రం కోప్పడకుండా సైకియాట్రిస్ట్‌కి చూపించండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

ఆమెకి స్పెయిన్ హర్డిల్స్ రన్నర్ మరియా హోసె మార్టినెజ్ పాటినో గురించి కూడా చెప్పండి. 1985లో జపాన్‌లోని కోబేలో యూనివర్సిటీ క్రీడలకి వెళ్ళినప్పుడు క్రోమోజోముల పరీక్షలో ఎక్స్‌వై అని వచ్చింది. కాలికి దెబ్బ తగిలినట్టు నటించి తప్పుకోమన్నారు. తర్వాత తన దేశంలో పరుగెత్తితే విషయం పేపర్లకెక్కింది, స్కాలర్‌షిప్ పోయింది, పెళ్ళాడాల్సినవాడు వదిలేశాడు. ఆవిడ వెనక్కి తగ్గలేదు, టెస్టోస్టిరాన్ తన శరీరం మీద పనిచేయదని పోరాడి 1988లో మళ్ళీ ఆడవాళ్ళ పోటీల్లోకి అనుమతి తెచ్చుకుంది. తర్వాత తన కథ తానే పేరు పెట్టి రాసుకుంది.

ఆపరేషన్ విషయానికొస్తే, ఈ వారంలోనే చేయించేయాల్సిన అత్యవసరం సాధారణంగా ఉండదు. పూర్తి స్థాయి సిండ్రోమ్ అని తేలితే, ఈడు రాకముందు క్యాన్సర్ ప్రమాదం చాలా తక్కువ, పెద్దవయసులో పెరుగుతుంది, అందుకే చాలామంది డాక్టర్లు ఎదుగుదల పూర్తయ్యాకే తీస్తారు. మీ అమ్మాయి ఎదుగుదల పూర్తయింది కాబట్టి తీయించుకోవచ్చు. కానీ ఆమె ఈస్ట్రోజెన్ దాదాపు అంతా ఆ గ్రంథుల నుంచే వస్తోంది, తీసేసిన రోజు నుంచి అది ఆగిపోతుంది. అప్పుడు దాదాపు 50 ఏళ్ళు వచ్చేదాకా ఈస్ట్రోజెన్ మాత్రలో ప్యాచ్‌లో వాడాలి, మధ్యలో మానేస్తే ఎముకలు గుల్లబారతాయి. తీయకుండా ఉంచుకుని క్రమం తప్పకుండా స్కానింగు చేయించుకునేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి సొంత హార్మోను ఉంటుంది, కానీ స్కానింగు ప్రతి మార్పునీ పట్టుకోలేదు, కొంత భయం ఎప్పుడూ ఉంటుంది. నిర్ధారణ వేరే స్థితి అయితే ఈ లెక్కలన్నీ మారతాయి, కొన్నిటిలో ఆలస్యం చేయకూడదు. కాబట్టి ముందు జన్యు పరీక్ష, ఆ తర్వాత ఆపరేషన్ మాట. తీయించుకోవడం, ఉంచుకోవడం రెండింటిలో ఏది కావాలో ఆమెనే ఎంచుకోనివ్వండి, రోజూ మాత్ర వేసుకునేదీ ఏటా స్కానింగు గదిలో పడుకునేదీ ఆమే కదా.

పెళ్ళి సంగతి. మీ అత్తయ్యగారు మనవరాలి మంచి కోరే అంటున్నారు, కాదనను. కానీ చెప్పకుండా చేస్తే ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి. ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని తేలితే, తెలిసిన ఏడాదిలోగా ఆ పెళ్ళిని రద్దు చేయమని కోర్టుకి వెళ్ళే హక్కు హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 ఇస్తుంది. ఇక్కడ అవతల ఉన్నది బయటివాళ్ళు కాదు, మీ ఆడపడుచు ఇల్లు. అన్నాచెల్లెళ్ళు కోర్టు మెట్ల మీద ఎదురుపడాలి, మధ్యలో నలిగిపోయేది మీ పిల్ల. పెళ్ళి వద్దని నేననడం లేదు. దాంపత్య జీవితం ఈ స్థితిలో ఉన్న చాలామందికి సాధ్యమే, యోని పొట్టిగా ఉంటే డైలేటర్లతో (మెల్లగా సాగదీసే సాధనాలతో) డాక్టరు నేర్పించే పద్ధతులున్నాయి, అవి సరిపోనప్పుడే ఆపరేషన్. పిల్లల్ని చట్టప్రకారం దత్తత తీసుకోవచ్చు. అయితే ఆ అబ్బాయికి ముందే తెలియాలి, చెప్పాలా వద్దా అన్నది మీ అమ్మాయి ఒప్పుకోవాలి. అతను సరేనంటే సరే, కాదంటే సంబంధం పోతుంది, విషయం నలుగురి నోళ్ళలో పడే ప్రమాదం కూడా ఉంది. మూడో దారి, ఈ శ్రావణానికి ముహూర్తాల మాటే ఎత్తకుండా డిగ్రీ పూర్తవనివ్వడం. “చదువయ్యేదాకా పెళ్ళి వద్దు” అని మీ ఆయన చేతే చెప్పించండి. అత్తయ్యగారు అలుగుతారు, నాలుగు రోజులు సాధిస్తారు, అంతకు మించి ఏమీ కాదు. మీ అమ్మాయి తన సంగతి తాను తెలుసుకుని కుదుటపడటానికి ఆ సమయం కావాలి. ఆయన ఒప్పుకోకపోతే డాక్టరు దగ్గరకి ఆయన్నీ తీసుకెళ్ళండి, మీరు చెబితే వినని మాట అక్కడ వింటారేమో.

మీ చిన్నమ్మాయికి నెలసరి వస్తోంది కాబట్టి ఆ పిల్లకి ఈ సమస్య లేదు. మార్పు మీ ఎక్స్ ద్వారానే వచ్చిందని తేలితే, ఆమె కూడా దాన్ని మోస్తూ ఉండే అవకాశం సగానికి సగం. ఆరోగ్యానికి ఇబ్బంది ఏమీ లేదు, రేపు పిల్లల్ని కనే ముందు తెలిస్తే చాలు. పద్దెనిమిది నిండాక ఆమే పరీక్ష చేయించుకుంటుంది.

మీ చెల్లెలి కూతురి గురించి మీ భయం ఉత్తి భయం కాదు. ఈ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి గ్రంథులు గజ్జల్లోకి దిగి హెర్నియాలా కనిపిస్తాయి. హెర్నియా వచ్చిన ఆడపిల్లల్లో చాలామందికి ఇది ఉండదు, కానీ మీ ఇంట్లో ఒక పిల్లకి ఉంటే, పైగా తల్లి వైపు బంధుత్వమైతే, చూపించుకోవడమే మంచిది. ఇక్కడొక చిక్కుంది. చెల్లెలికి చెబితే మీ అమ్మాయి రహస్యం బయటపడినట్టే, చెప్పకపోతే ఆ పిల్లకి అన్యాయం. అందుకే ముందు మీ అమ్మాయికి చెప్పండి, తర్వాత పిన్నికి చెప్పనా అని ఆమెనే అడగండి. తన చెల్లెలి లాంటి పిల్ల కదా, ఒప్పుకుంటుందనే నా నమ్మకం, తానే ఫోన్ చేస్తానన్నా ఆశ్చర్యం లేదు. వద్దంటే, పేరెత్తకుండా “మన వైపు ఒక జన్యు సమస్య ఉందని డాక్టరు అన్నారు, హెర్నియా వచ్చిన పిల్లల్ని చూపించమన్నారు” అని మీ చెల్లెలితో అనొచ్చు. ఆవిడ ఊహించుకోవచ్చు, అది కూడా మీ అమ్మాయికి ముందే చెప్పండి.

ఆ పిల్లకి ముందు చేయించాల్సింది మామూలు పొట్ట స్కానింగు. గర్భసంచి కనిపిస్తే ఈ భయం చాలావరకు తీరినట్టే. చిన్నవయసులో గర్భసంచి చాలా చిన్నగా ఉంటుంది కాబట్టి పిల్లల స్కానింగుల్లో అనుభవం ఉన్నవాళ్ళ దగ్గరే చేయించమనండి. కనిపించకపోతే ఎండోక్రైనాలజిస్ట్‌కి చూపించాలి, నిర్ధారణ అయ్యేదాకా ఏ గ్రంథినీ తీయించొద్దు. అప్పటి ఆపరేషన్ డిశ్చార్జ్ కాగితం బీరువాలో ఎక్కడైనా ఉందేమో వెతికించండి. హెర్నియా సంచిలో ఏం కనిపించిందో సర్జన్ అందులో రాసి ఉండవచ్చు.